పన్నెండు కర్రల ఓనమాలు

నేలమీద వరసగా పన్నెండు కర్రలు నిలబెట్టి ఉంటాయి. ఒక్కొక్కటి మీటరు ఎత్తు, లేదా అంతకు కొంచెం ఎక్కువ. కర్రకీ కర్రకీ మధ్య 60 సెంటీమీటర్ల ఎడం. దూరాన్నుంచి దౌడు తీస్తూ వచ్చిన కుక్క మొదటి కర్రను ఎడమ భుజం పక్కన ఉంచుకుని లోపలికి దూరుతుంది. రెండో కర్ర దానికి కుడివైపున వస్తుంది, మూడోది ఎడమవైపున, నాలుగోది మళ్లీ కుడివైపున. జడ అల్లే వేళ్లలాగా దాని ఒళ్లు అటూ ఇటూ మెలికలు తిరుగుతూ సాగిపోతుంది. ఆరున్నర మీటర్ల ఆ వరస దాటడానికి బాగా నేర్చిన కుక్కకు రెండు మూడు సెకన్లు చాలు.

కుక్కల ఎజిలిటీ పోటీల్లో దీన్ని వీవ్ పోల్స్ అంటారు. గెంతడం, సొరంగంలో దూరడం, ఏటవాలు పలక ఎక్కి దిగడం లాంటివి కుక్కలు త్వరగానే పట్టుకుంటాయి. వీవ్ పోల్స్‌కి మాత్రం నెలలు పడతాయి. అన్నీ వచ్చిన కుక్క కూడా పోటీనాడు ఇక్కడే తడబడుతుంది.

ఎందుకింత కష్టం? కుక్కకు తెలివి తక్కువై కాదు, ఒళ్లు వంగకా కాదు. వేల ఏళ్లుగా మనతో బతికిన కుక్క మనిషిని చదవడంలో ఆరితేరింది. మన చేయి, చూపు, అడుగు ఎటు కదిలితే అటు కదులుతుంది. వీవ్ పోల్స్ దగ్గర అదే గుణం అడ్డుపడుతుంది. ఇక్కడ అది మనిషిని చదవడం ఆపి కర్రలను చదవాలి. కాబట్టి నేర్పేవాళ్ల పని ఎక్కువ భాగం, తాము కొద్దికొద్దిగా పక్కకు తప్పుకోవడమే. ఆ తప్పుకోవడం ఎలాగో చెప్పేదే ఈ అధ్యాయం.

గుర్రాల బరి నుంచి కుక్కల బరికి

ఎజిలిటీ పాతకాలపు ఆటేమీ కాదు. 1978 ఫిబ్రవరిలో లండన్‌లోని ఒలింపియా హాలులో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన జరిగింది. పెద్ద బరిలో రెండు కార్యక్రమాల మధ్య కొంత ఖాళీ సమయం ఉంది. ఆ కాసేపు ప్రేక్షకులకు ఏదైనా చూపిద్దామని నిర్వాహక సంఘంలోని జాన్ వార్లీ అనుకున్నారు. గుర్రాలను అడ్డంకుల మీదుగా గెంతించే పోటీలు ఆయనకు బాగా తెలుసు. అలాంటిదే కుక్కలతో చేయిస్తే ఎలా ఉంటుందని శిక్షకుడు పీటర్ మీన్‌వెల్‌ను అడిగారు. మీన్‌వెల్ అడ్డంకులు తయారుచేసి, కుక్కలకు నేర్పించి తీసుకొచ్చారు. జనానికి అది ఎంతగా నచ్చిందంటే, రెండేళ్లకే, 1980లో, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని పోటీ క్రీడగా గుర్తించింది. 1996లో స్విట్జర్లాండ్‌లోని మోర్జ్‌లో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి.

అప్పట్నుంచి నియమాలు గట్టిపడుతూ వచ్చాయి. అంతర్జాతీయ పోటీల్లో కర్రలు పన్నెండు, మందం 3 నుంచి 5 సెంటీమీటర్లు. అమెరికాలో ఒకప్పుడు కర్రలు ఇంతకంటే దగ్గరగా పాతేవారు. పెద్ద కుక్కల వెన్నుమీద భారం తగ్గాలని తర్వాత ఎడం పెంచారు. కుక్క ఎటునుంచి వచ్చినా మొదటి కర్ర దాని ఎడమ భుజం పక్కనే ఉండాలి. ఒక్క సందు వదిలేసినా వెనక్కి తెచ్చి సరిచేయాలి. పరుగు తీస్తున్నంతసేపూ, దాన్ని నడిపించే మనిషి, అంటే హ్యాండ్లర్, కుక్కనుగానీ కర్రలనుగానీ ముట్టుకోకూడదు. చేతిలో తినుబండారం ఉండకూడదు, మెడకు తాడు ఉండకూడదు. అంటే ఇంటిదగ్గర సాయపడినవన్నీ బరిలో మాయమవుతాయి. మిగిలేది కుక్క తలలో ఉన్నదే.

ఏ కుక్కా తనంతట తాను చేయని పని

మన వీధికుక్కలను కాసేపు గమనించండి. ప్రహరీ గోడ దూకుతాయి. రోడ్డు కింద తూములో దూరి అటువైపు తేలతాయి. కొత్తగా కట్టే ఇంటి దగ్గర పరంజా పలకమీద ఒడుపుగా నడుస్తాయి. ఎజిలిటీలో గెంతు, సొరంగం, పలక వీటికి మెరుగుపెట్టిన రూపాలే. కుక్క బతుకులో వాటికి ముందే చోటుంది.

వీవ్ పోల్స్‌కి ఆ చోటు లేదు. చెరుకు తోటలో కుక్క పరుగెత్తితే సందు దొరికినచోట దూరుతుంది, గడ ఎదురైతే పక్కకు తప్పుకుంటుంది. ఒకే వరసలో నిలబెట్టిన కర్రలు దాని కంటికి అసలు అడ్డంకే కావు. పక్కనే కావలసినంత ఖాళీ ఉండగా ప్రతి సందులోనూ ఎందుకు దూరాలి? అలా దూరడానికి సహజమైన కారణం ఏదీ లేదు. ఆ కారణాన్ని మనమే కల్పించాలి, అది కుక్కకు అర్థమయ్యే భాషలో కల్పించాలి.

ఇక్కడే చిక్కొస్తుంది. కుక్కకు బాగా వచ్చిన భాష మన చేయి. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం మన దేశపు వీధికుక్కల మీద చేసిన ఒక పరిశీలన 2020లో వెలువడింది. కుక్క ముందు మూతపెట్టిన రెండు గిన్నెలు ఉంచి, మనిషి ఒకదానివైపు వేలు చూపిస్తాడు. ఎవరూ పెంచని, ఏ శిక్షణా లేని కుక్కలవి. అయినా ముందుకొచ్చిన వాటిలో దాదాపు 80 శాతం వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. మనిషి సైగను అందుకోవడం కుక్కకు అంత సులువు. కాబట్టి చేతిలో మాంసం ముక్క పట్టుకుని కర్రల మధ్య అటూ ఇటూ తిప్పితే ఏ కుక్కయినా మొదటిరోజే పన్నెండు కర్రలూ దాటేస్తుంది. చూసేవాళ్లు వచ్చేసిందనుకుంటారు. ఆ కుక్క కర్రలను చూడనేలేదు. చేతిని చూసింది.

ఈ పొరపాటు నేనూ చేశాను. మా వీధిలో పుట్టి మా ఇంట్లో పెరిగిన నల్ల కుక్క ఒకటుంది. నుదుటిమీద తెల్ల మచ్చ, అందుకే చుక్క అని పేరు. ఇరవై అడుగుల పీవీసీ పైపు కోయిస్తే మీటరు పొడవున ఆరు ముక్కలొచ్చాయి. దొడ్లో ఇనుప ఊచలు దిగ్గొట్టి ఆ ముక్కలు వాటికి తొడిగాను. మూడు వారాలపాటు రోజూ ఉడికించిన కోడిమాంసం చేత్తో చూపిస్తూ నడిపించాను. చుక్క చక్కగా మెలికలు తిరిగింది. ఒకరోజు చేయి జేబులో పెట్టుకుని కర్రల దగ్గర నిలబడ్డాను. చుక్క మొదటి కర్ర ముందు కూర్చుని నా జేబు వంక చూస్తూ ఉండిపోయింది. మూడు వారాల్లో అది నేర్చుకున్నది నా చేయి దారిని, అంతే.

థార్న్‌డైక్ పిల్లులు, స్కిన్నర్ పావురం

నాకు మూడు వారాలు పట్టిన ఈ సంగతి 1898లోనే రాసిపెట్టి ఉంది. ఆ ఏడాది ఎడ్వర్డ్ థార్న్‌డైక్ కొలంబియా విశ్వవిద్యాలయానికి తన పరిశోధన సమర్పించాడు. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్కపెట్టెలో ఉంచేవాడు. లోపల ఒక తాడు లాగితేనో మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది, బయట తిండి ఉంటుంది. పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, ఎప్పుడో యాదృచ్ఛికంగా తాడు తగిలి తలుపు తెరుచుకుంటుంది. మళ్లీ మళ్లీ పెట్టెలో ఉంచితే పనికిరాని చేష్టలు ఒక్కొక్కటే రాలిపోయి, బయటపడే సమయం క్రమంగా తగ్గుతుంది. మంచి ఫలితమిచ్చిన చేష్ట నిలుస్తుంది, ఇవ్వనిది జారిపోతుంది. దీన్నే ఆయన తర్వాత ఫలిత నియమం అన్నాడు.

ఆ పరిశోధనలో మరో ప్రయోగం ఉంది. థార్న్‌డైక్ తానే జంతువు కాలు పట్టుకుని ఆ తాడు లాగించి, తలుపు తెరిపించి, తిండి పెట్టించాడు. అలా ఎన్నిసార్లు చేయించినా ఆ సాయం వాటికి పనికిరాలేదు. సొంతంగా ప్రయత్నించి చేసిన పనే వాటికి వచ్చింది.

మన ఇళ్లల్లో అక్షరాభ్యాసం గుర్తు తెచ్చుకోండి. బియ్యంలో పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు రాయిస్తాం. అది శుభారంభం, అంతవరకే. పెద్దవాళ్ల చేయి వేలుమీద ఉన్నంతకాలం అక్షరం పిల్లవాడిది కాదు. పలకమీద దిద్దుతూ దిద్దుతూ, గీత తప్పుతూ సరిచేసుకుంటూ, ఒకనాడు దిద్దడానికి కింద అక్షరం లేకుండా రాసినప్పుడు వాడికి అక్షరం వచ్చినట్టు. కర్రల దగ్గర కుక్క సంగతీ అంతే.

అయితే యాదృచ్ఛికంగా జరిగేదాకా కాచుక్కూర్చోవాలా? పన్నెండు కర్రల మధ్య కుక్క తనంతట తాను అల్లుకుపోయే రోజు ఎన్నటికీ రాదు. దీనికి దారి 1943లో దొరికింది. అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక పిండిమిల్లు పై అంతస్తులో బి. ఎఫ్. స్కిన్నర్, కెల్లర్ బ్రెలాండ్, నార్మన్ గట్‌మన్ పావురాలతో యుద్ధకాలపు పరిశోధన ఒకటి చేస్తున్నారు. ఓ రోజు, పావురం ముక్కుతో చెక్కబంతిని కొట్టడం నేర్పుదామనుకున్నారు. అది కొట్టేదాకా చూద్దామని కూర్చుంటే ఏమీ జరగలేదు. అప్పుడు పద్ధతి మార్చారు. బంతివైపు చూస్తే చాలు, గింజలు. తర్వాత బంతి దగ్గరికొస్తే గింజలు. తర్వాత ముక్కు తగిలితే. నిమిషాల్లోనే బంతి పెట్టె గోడలకు తగిలి ఎగురుతోంది. పూర్తి పని కోసం ఎదురుచూడకుండా, ఆ దిశగా పడిన ప్రతి చిన్న అడుగుకూ బహుమతి ఇచ్చి, మెట్టుమెట్టుగా పనిని మలచడం. శిక్షకులు దీన్ని షేపింగ్ అంటారు.

కెల్లర్ బ్రెలాండ్, ఆయన భార్య మారియన్ ఆ విద్యను ప్రయోగశాల దాటించి జంతు శిక్షణను వృత్తిగా చేపట్టారు. సరైన చేష్ట జరిగిన క్షణాన్ని ఒక చిన్న శబ్దంతో గుర్తించే పద్ధతి వారి నుంచే వ్యాపించింది. డాల్ఫిన్ల శిక్షకులు దానికి ఈల వాడారు. హవాయిలో డాల్ఫిన్లకు నేర్పిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకంతో అది కుక్కల యజమానుల దాకా వచ్చింది. టిక్కుమని చప్పుడు చేసే క్లిక్కర్ అలా ప్రసిద్ధి పొందింది.

అలాంటి సంకేతం మెదడులో ఏం చేస్తుందో 1990ల్లో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పరిశోధనల్లో తెలిసింది. మొదట్లో పండ్లరసం నోట్లో పడినప్పుడు కోతి మెదడులో డోపమిన్ కణాలు స్పందించాయి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని అలవాటయ్యాక ఆ స్పందన రసం నుంచి దీపానికి జరిగింది. దీపం వెలిగి రసం రాకపోతే కణాల చురుకు మామూలు కంటే తగ్గింది. అనుకున్నదానికంటే మేలు జరిగితే పెరగడం, అనుకున్నది జరగకపోతే తగ్గడం, ఇదే ఆ కణాల లెక్క. మెదడు ఆ లెక్కతోనే పాఠం దిద్దుకుంటుంది. క్లిక్కర్ అయినా, నేను వాడే "భేష్!" అన్న మాటయినా చేసే పని ఆ దీపం పనే. తిండి నోటికి చేరేసరికి రెండు క్షణాలు ఆలస్యమైనా, ఏ అడుగుకు అది దక్కిందో కుక్కకు తెలుస్తుంది. మాటా క్లిక్కరూ రెండూ పనిచేస్తాయి. శబ్దం పొట్టిగా, ఎప్పుడూ ఒకేలా ఉండాలి, దాని వెనక బహుమతి తప్పక రావాలి.

రెండు కర్రల పాఠం

కర్రలు నేర్పే పద్ధతులు చాలానే ఉన్నాయి. ఒకదాంట్లో బేసి కర్రలను ఒకపక్కకీ, సరి కర్రలను మరోపక్కకీ జరిపి మధ్యలో బాట చేస్తారు. కుక్క తిన్నగా పరుగెత్తుతుంది. రోజురోజుకీ బాట ఇరుకు చేస్తూ పోతే చివరికి కర్రలన్నీ ఒకే వరసకు వచ్చి, తిన్నటి పరుగు మెలికల పరుగు అవుతుంది. మరోదాంట్లో కర్రలను ఇంగ్లీషు వి అక్షరంలా రెండువైపులా వాల్చి, నెమ్మదిగా నిటారు చేస్తారు. ఇంకోదాంట్లో కర్రల మధ్య తీగలు కట్టి బయటకు పోయే దారి మూస్తారు. ఇవి పలకమీద దిద్దించడంలాంటివి. సాయాన్ని చాలా నెమ్మదిగా తగ్గిస్తే ఫలిస్తాయి. తొందరపడి తీసేస్తే కుక్క అయోమయంలో పడుతుంది.

కెనడా శిక్షకురాలు సుసాన్ గ్యారెట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి వేరు. దాంట్లో మొదట రెండే కర్రలు. చుక్క విషయంలో పైపులన్నీ పీకేసి నేను మళ్లీ మొదలుపెట్టింది అక్కడే.

పొద్దున్న ఆరున్నర. వేపచెట్టు నీడలో రెండు కర్రలు, చుట్టూ ఖాళీ నేల. వాటికి నీలం, పసుపు టేపు చుట్టాను. కుక్క కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే. నీలం, పసుపు దానికి స్పష్టంగా వేరుపడతాయి. ఎరుపు మాత్రం పచ్చగడ్డి మధ్య కలిసిపోతుంది. నా దగ్గర చిటికెన వేలి గోరంత మాంసం ముక్కలు, నడుముకు కట్టిన సంచిలో. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. నోటమాట లేదు. చూపు రెండు కర్రల మధ్య నేలమీద.

చుక్క ముందు కూర్చుంది. ఏమీ రాలేదు. కుడికాలు ఎత్తి చూపించింది. ఏమీ రాలేదు. పడుకుంది, లేచింది, నా చుట్టూ తిరిగింది. తిరుగుతూ ఒక కర్ర దగ్గర ఆగి వాసన చూసింది. "భేష్!" ముక్క విసిరాను, నా చేతి దగ్గరికి రాకుండా కర్రల అవతలికి. తినేసి వెనక్కొచ్చింది. మళ్లీ కర్ర దగ్గరికి వెళ్లింది, ఈసారి తల రెండింటి మధ్యకు వచ్చింది. "భేష్!" ముక్క ఇంకా అవతలికి. నాలుగోసారి ముందుకాళ్లు దాటాయి. ఆరోసారి ఒళ్లంతా దాటింది. ఏడోసారి అటునుంచి తిరిగొస్తూ కర్రల ముందు ఒక్కక్షణం ఆగింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. నా వంక చూడలేదు. కర్రల వంక చూసి, మధ్యలోంచి దూసుకొచ్చింది.

ఆ క్షణం చూడడానికి చాలా చిన్నది. పెంచిన కుక్క మొదటిసారి తనంతట తాను ఒక సంగతి కనిపెట్టడం చూశాక, మళ్లీ దాన్ని చేయి పట్టి నడిపించాలనిపించదు.

బహుమతి ఎక్కడ పడుతుందన్నది దీంట్లో కీలకం. చేతినుంచి పెడితే కుక్క చూపు చేతికి అతుక్కుంటుంది. కర్రలకు అవతల, అది పోవలసిన దారిలో పడితే చూపు ముందుకు పోతుంది, తల దించి తిన్నగా వెళ్తుంది. కుక్క ఒళ్లు తల ఎటుంటే అటే. తల హ్యాండ్లర్‌వైపు తిరిగిందంటే తర్వాతి సందు తప్పినట్టే.

రెండు కర్రల ద్వారాన్ని గడియారం ముళ్లలా కొద్దికొద్దిగా తిప్పుతూ, కుక్క ఎటునుంచి వచ్చినా మొదటి కర్రను ఎడమపక్కన ఉంచుకుని దూరేలా చేయాలి. అది కుదిరాక కొంత దూరంలో మరో రెండు కర్రలు. రెండు జతలనూ దగ్గరికి జరుపుతూ, తిప్పుతూ, నాలుగు కర్రల వరస చేయాలి. తర్వాత ఆరు. ఆరు గట్టిపడ్డాక పన్నెండు. ఒకేసారి ఒకటే కష్టం పెంచాలి. కోణం కష్టమైతే వేగం తగ్గించాలి, కర్రలు పెరిగితే కోణం తేలిక చేయాలి. వరసగా రెండుసార్లు తప్పు చేస్తే ఒక మెట్టు దిగాలి. తప్పు కుక్కదని కసురుకుంటే అది ప్రయత్నించడమే మానేస్తుంది, ప్రయత్నం లేనిచోట షేపింగ్ జరగదు.

మొదలూ చివరా

పోటీల్లో తప్పులు జరిగే చోట్లు ముఖ్యంగా రెండని శిక్షకులు చెబుతారు. ఒకటి ప్రవేశం. రెండోది పదో కర్ర దగ్గర బయటికి జారిపోవడం. దీన్ని అర్థం చేసుకోవడానికి ఎంఐటీలో ఆన్ గ్రేబియెల్ బృందం చేసిన పరిశోధన తోడ్పడుతుంది. 1999లో వాళ్లు ఒక సంగతి ప్రకటించారు. ఎలుకకు టి ఆకారపు దారిలో ఎటు తిరగాలో నేర్పుతూ మెదడు లోతుల్లోని స్ట్రయాటమ్ భాగాన్ని గమనించారు. కొత్తలో దారి పొడవునా కణాలు చురుగ్గా ఉన్నాయి. అలవాటయ్యాక ఆ చురుకు పరుగు మొదట్లోనూ చివర్లోనూ గుమిగూడింది. మధ్య భాగమంతా ఒకే మూటగా కట్టినట్టయింది.

మనం సైకిల్ తొక్కేటప్పుడు ప్రతి తొక్కునీ ఆలోచించం. ఎక్కడం, దిగడం మాత్రం చూసుకుంటాం. బాగా నేర్చిన కుక్క అల్లికా ఇలాంటి మూటే అనుకుంటే, ఆ మూట విప్పుకునే ముడి మొదటి సందులో ఉంది. ప్రవేశం సరిగ్గా కుదిరితే మిగతాది లయమీద సాగిపోతుంది. అది కుదరకపోతే ప్రతి సందూ కొత్తగా వెతుక్కోవాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పన్నెండు కర్రల సాధన కంటే నాలుగు కర్రల ప్రవేశాలు ఎక్కువ చేయిస్తారు. ముందునుంచి, పక్కనుంచి, ఏటవాలుగా, గెంతు దిగిన వేగంతో.

చివర జారడానికి కారణం చాలాసార్లు మనమే. పన్నెండు పూర్తికాకుండానే హ్యాండ్లర్ తర్వాతి అడ్డంకివైపు అడుగేస్తాడు. కుక్క ఆ అడుగును చదువుతుంది. దానికి విరుగుడు సాధనలోనే ఉంది. కుక్క కర్రల్లో ఉండగా మనం ముందుకు పరుగెత్తాలి, వెనకబడాలి, పక్కకు దూరంగా వెళ్లాలి, చివరికి నిలబడిపోవాలి. మనం ఏం చేసినా పన్నెండో కర్ర దాటితేనే బహుమతి. ఇలా కొన్ని వారాలు గడిచాక, మన అడుగుకు ఇక్కడ అర్థం లేదని కుక్క తెలుసుకుంటుంది.

ఒళ్లు, ఎండ, విశ్రాంతి

ఇంత వేగంగా మెలిక తిరగడం కుక్క దేహ నిర్మాణం వల్ల సాధ్యమవుతోంది. మన చేయి మొండేనికి కాలర్ ఎముకతో అతుక్కుని ఉంటుంది. కుక్క ముందుకాలికి అలాంటి ఎముక అతుకు లేదు. రెండు భుజాల మధ్య మొండెం కండరాల ఊయలలో వేలాడుతుంది. అందుకే భుజం ధారాళంగా కదులుతుంది. ఛాతీ దగ్గర 13, నడుము దగ్గర 7 వెన్నుపూసలు అటూ ఇటూ వంగుతాయి. పెద్ద కుక్కలు చాలావరకు ఈత కొట్టినట్టు ఒక్కో సందులో ఒక్కో ముందుకాలు వేస్తూ పోతాయి. చిన్న కుక్కలు ముందుకాళ్లు రెండూ కలిపి గెంతుతూ పోతాయి. ఏ తీరు తమకు కుదురుతుందో అవే తేల్చుకుంటాయి.

సౌలభ్యం ఇచ్చిన ఆ భుజమే దెబ్బలకూ గురవుతుంది. 27 దేశాల నుంచి 3,801 ఎజిలిటీ కుక్కల వివరాలు సేకరించి 2013లో ప్రచురించిన సర్వేలో దాదాపు మూడో వంతు కుక్కలకు ఎప్పుడో ఒకప్పుడు గాయమైంది. ఎక్కువగా దెబ్బతిన్నవాటిలో భుజం, వెన్ను ఉన్నాయి. కుక్కపిల్ల ఎముకల చివర్లలోని పెరిగే మృదులాస్థి గట్టిపడకముందే ఇలాంటి మెలికలు తిప్పడం హాని. చిన్న జాతుల్లో ఏడాదిలోపు, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా అది గట్టిపడుతూనే ఉంటుంది. అంతర్జాతీయ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను అనుమతించరు. పిల్లకు రెండు కర్రల మధ్య తిన్నగా నడవడం నేర్పొచ్చు. పన్నెండు కర్రల వేగం మాత్రం ఎముకలు ముదిరాకే.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త కావాలి. మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వీలు కుక్కకు లేదు. నాలుక చాచి రొప్పడమే దాని ప్రధాన మార్గం. ఉక్కపోత రోజుల్లో రొప్పినా సరిగ్గా చల్లబడదు. వేసవిలో తెల్లవారుజామునో పొద్దుగూకాకో, మట్టిమీదో గడ్డిమీదో సాధన చేయించాలి. సిమెంటు నేల అరిపాదాలను కాలుస్తుంది, మలుపులో జారుతుంది కూడా.

ఎంతసేపు చేయించాలి? ఎక్కువ చేయిస్తే ఎక్కువ వస్తుందని మనకు నమ్మకం. 2011లో డెన్మార్క్ పరిశోధకులు బీగిల్ కుక్కలకు ఒకే పనిని వేర్వేరు లెక్కన నేర్పి చూశారు. రోజూ నేర్పిన కుక్కలకంటే వారానికి ఒకటి రెండుసార్లు నేర్పినవి తక్కువ పాఠాల్లో నేర్చుకున్నాయి. ఒకే పూట వరసగా మూడు పాఠాలు చెప్పడంకంటే ఒక్క పాఠంతో ఆపడం మేలయింది. 2017లో వెలువడిన మరో అధ్యయనంలో, పాఠం అయిన వెంటనే ఆడించిన లాబ్రడార్లు, ఊరికే విశ్రమించిన వాటికంటే మర్నాడు త్వరగా గుర్తు తెచ్చుకున్నాయి. పాఠం మనం ఆపిన తర్వాత కూడా మెదడులో నడుస్తూనే ఉంటుంది. నేను ఇప్పుడు ఐదారు నిమిషాలు నేర్పుతాను, తర్వాత పది నిమిషాలు బంతాట, ఆ తర్వాత చుక్క నిద్ర. వారానికి మూడుసార్లే. రోజూ అరగంట చొప్పున చేత్తో నడిపించిన ఆ మూడు వారాల్లో రానిది ఇలా వచ్చింది.

ఆరో కర్ర

రెండు కర్రలతో మళ్లీ మొదలుపెట్టిన నాలుగో నెలలో ఒకరోజు. దొడ్లో ఆరు కర్రలు ఒకే వరసలో నిటారుగా ఉన్నాయి. చుక్కను వేపచెట్టు దగ్గర కూర్చోబెట్టాను. అక్కడినుంచి మొదటి సందు బాగా ఏటవాలుగా పడుతుంది. తిన్నగా వస్తే రెండో సందులోకే దూరుతుంది. నేను వరసకు దూరంగా, నుయ్యి పక్కన నిలబడ్డాను. చేతులు వెనక్కి, చూపు నేలమీద. "వీవ్" అన్నాను.

చుక్క బయల్దేరింది. రెండో సందువైపే వస్తోంది. వరసకు రెండు అంగల దూరంలో దాని తల పక్కకు తిరిగింది. వేగం తగ్గించి, ఒళ్లు వంచి, అర్ధచంద్రంలా చుట్టి వచ్చి, మొదటి కర్ర ఎడమ భుజాన్ని రాసుకుంటుండగా లోపలికి దూరింది. నీలం, పసుపు, నీలం, పసుపు. కర్రకు భుజం తగిలిన చప్పుడు ఒక్కో సందుకూ ఒకటి. ఐదు చప్పుళ్లు వరసగా వినబడ్డాయి. నేను కదల్లేదు.

ఆరో కర్ర దాటి బయటికొచ్చాక, అప్పుడు తలెత్తి నన్ను చూసింది.